ఏడు ఖాళీ చీటీలు

కాలేజీ వెనక గేటు దగ్గర నిలబడి ఆయన అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. పాతవాళ్లని ఎవరినైనా పట్టుకుని "కాబట్టి మాస్టారి గది ఏది?" అనండి, బైండింగ్ షాపు పక్కనున్న మెట్లు చూపిస్తారు. పద్నాలుగు మెట్లు. పైన ఒకే గది, ఒక కిటికీ, ఆకుపచ్చ రెక్సిన్ అంటించిన పెద్ద బల్ల. ఆ బల్లకి ఒక చివర నేను పంతొమ్మిదేళ్లు టైపు చేశాను. ఇప్పుడక్కడ ఎవరో ఫొటోలకి ఫ్రేములు కడుతున్నారు. అటువైపు పనిబడితే నేను వీధి మారి వెళ్తాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కడుపులో దాచుకోవడం ఇక చేతకాక రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇందులో నన్ను నేను మంచిదాన్ని చేసుకునే ఉద్దేశం లేదు. నాకు తొందరెక్కువ, నోరు అంతకన్నా ఎక్కువ. "నిన్ను పుట్టించేటప్పుడు దేవుడికి బస్సు టైమైపోయినట్టుంది" అనేది మా అమ్మ.

మాస్టారు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దారు. ప్రెస్సు మూతపడ్డాక ఈ గది తీసుకుని, పరిశోధన చేసేవాళ్ల థీసిస్‌లు దిద్దడం మొదలుపెట్టారు. అచ్చుతప్పులు ఎవరైనా దిద్దుతారు. ఆయన దిద్దేది వాక్యానికీ వాక్యానికీ మధ్యనున్న చోటు. కాబట్టి, అందువల్ల, దీన్నిబట్టి, తద్వారా, ఫలితంగా... ఇలాంటి మాట కనిపిస్తే చాలు, కళ్లజోడు ముక్కు చివరికి జారేది, కుర్చీ ముందుకి జరిగేది.

"అందరూ ఈ మాటల్ని వాక్యానికి అందం కోసం పెడతారమ్మాయ్" అనేవారు. "ఇవి అందానికి కాదు. కాబట్టి అన్నావంటే తలుపేసి గొళ్ళెం పెట్టినట్టే. బయట ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమో చూసుకున్నాకే పెట్టాలి."

ఆయన పని చేసే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. థీసిస్ మొత్తం ప్రింటు తీయించి, అలాంటి ప్రతి మాట మీదా సన్నటి కాగితం చీటీ ఒక అంచున జిగురు పెట్టి అంటించేవారు. అంటే కింద మాట కనబడదు. నేను కంప్యూటర్లో ఆ మాటలు తీసేసి వాటి చోట చుక్కలు పెట్టాలి. తర్వాత రాసినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి పై వాక్యం చదివేవారు, కింది వాక్యం చదివేవారు. "మధ్యలో ఏం రావాలి? ఏ పట్టిక చూసి అంటున్నావు?" అని అడిగేవారు. వాళ్లు సరిగ్గా చెబితే ఆ మాట పెన్సిల్‌తో చీటీ మీద రాసేవారు. చెప్పలేకపోతే చీటీ ఖాళీగానే ఉండేది. చీటీలు ఎగిరి ఊడిపోతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. నేను ఉడికిపోతూ సణుక్కుంటూ టైపు చేసేదాన్ని.

రెండే రెండు నియమాలు. ఖాళీ చీటీ ఉన్నచోట నేను ఏ మాటా టైపు చెయ్యకూడదు. ఆయన గదిలో లేనప్పుడు ఫోన్లో చెబితే, ఆ మాట చీటీ మీద రాసి పక్కన "ఫో" అని గుర్తు పెట్టాలి. "చీటీ ఖాళీగా ఉందంటే నేను ఇంకా చెప్పలేదనే" అనేవారు.

ఒకసారి ఒక కుర్రాడు ఘనంగా రాసుకొచ్చాడు. పట్టణంలో గ్రంథాలయాలు పెరిగాయి, అందువల్ల దొంగతనాలు తగ్గాయి అని. మాస్టారు తల ఎత్తకుండానే అడిగారు: "అంటే దొంగలందరూ లైబ్రరీలో కూర్చుని పేపర్ చదువుతున్నారంటావా?" నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను. కుర్రాడు ఉక్రోషంగా, "మరి రెండూ ఒకేసారి జరిగాయి కదండీ" అన్నాడు.

"జరుగుతాయి నాయనా. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందని రాస్తావా?"

ఇంకొకావిడకి చెప్పింది నాకు బాగా గుర్తు. "నేల తడిసింది, దీన్నిబట్టి వాన పడిందనుకోవచ్చు. ఇది సరే. నేల తడిసింది, అందువల్ల వాన పడింది అంటే? నేల తడిస్తే మబ్బుకి జలుబు చేసినట్టు! మనకి తెలియడం వేరు, జరగడం వేరు తల్లీ." ఆవిడ నవ్వి నవ్వి, తన థీసిస్‌లో అలాంటివి పదహారు దొరికాయని ఏడుపు మొహం పెట్టింది.

ఇంత పట్టుదల ఎందుకో నాకు ఆయన భార్య చెప్పింది. ఆవిడని నేను పిన్నిగారు అంటాను. వయసులో ఉన్నప్పుడు మాస్టారు కూడా పరిశోధన చేశారట, వానలకీ కూరగాయల ధరలకీ ఉన్న సంబంధం మీద. నాలుగు వందల పేజీలు రాసి, చివరి అధ్యాయం మొదటి మాట దగ్గర ఆగిపోయారు. అక్కడ కాబట్టి అని మొదలవ్వాలి. ఈయనకి రుజువు చాల్లేదనిపించింది. గైడు "పెట్టవయ్యా, ఎవరు చూడొచ్చారు!" అన్నాడట. ఈయన పెట్టలేదు, పట్టా రాలేదు. "ఒక్క మాట పెట్టుంటే డాక్టరయ్యేవారు" అని పిన్నిగారు దెప్పేది. "పోన్లే, తలనొప్పికి మాత్ర రాసివ్వలేని డాక్టరు ఇంట్లో ఉండి మాత్రం ఏం లాభం!" మాస్టారు ఆ మాటకి ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

ఇక నర్సమ్మ సంగతి. పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో పనిచేసే మనిషి. వార్డు డ్యూటీ దిగి, కాళ్లు లాగుతున్నా పద్నాలుగు మెట్లెక్కి వచ్చేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, తల్లి ఒంటికి హత్తుకుని పడుకోబెట్టినవాళ్లు అద్దాల పెట్టెలో ఉన్నవాళ్లకంటే త్వరగా బరువు పెరిగారని రెండేళ్లు లెక్కలు రాసి థీసిస్ తయారుచేసింది. ఆ పట్టా చేతికొస్తే నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఖాయం. పట్టా ఆ ఏడాదిలోపే రావాలి, లేదంటే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆమె నన్ను అక్కా అనేది. టైపు చేసేవాళ్లని అక్కా అనేవాళ్లు తక్కువ, పనమ్మాయిని చూసినట్టు చూసేవాళ్లే ఎక్కువ.

మాస్టారు అన్ని చీటీలూ నింపుకొచ్చి చివరి అధ్యాయంలో ఆగిపోయారు.

"నర్సమ్మా, ఏ బిడ్డల్ని తల్లులకిచ్చారు? కాస్త తేరుకున్నవాళ్లనేగా? మరీ నీరసంగా ఉన్నవాళ్లు పెట్టెలోనే ఉండుంటారు. మరి బరువు పెరిగింది తల్లి ఒంటి వెచ్చదనం వల్లా, ముందునుంచీ గట్టి పిల్లలు కావడం వల్లా?"

ఆమె తన పట్టికలు తిరగేసింది. "అది నేను చూళ్లేదు మాస్టారూ" అంది చివరికి.

"చూడు. పుట్టినప్పటి బరువులు మీ రిజిస్టర్లో ఉంటాయిగా. చూసొచ్చాక మాట పెడదాం. నువ్వన్నదే నిజం కావచ్చు. కానీ ఇప్పుడే గొళ్ళెం పెట్టకు."

అలా ఏడు చీటీలు ఖాళీగా ఉండిపోయాయి. ఈలోగా మాస్టారికి కంటి ఆపరేషన్ తేదీ వచ్చింది. వెళ్తూ నాకు చెప్పారు: "నర్సమ్మ లెక్క తెస్తుంది. తేగానే ఫోన్ చేసి చదివి వినిపించు, మాట చెప్తాను." నేను "సరే, సరే" అన్నాను. నేనెప్పుడూ రెండుసార్లే సరే అంటాను, సగం విని.

థీసిస్ ఇవ్వడానికి ఆఖరి రోజూ, మాస్టారి ఆపరేషనూ ఒకే రోజు పడ్డాయి. నర్సమ్మకి వార్డులో సెలవు దొరకలేదు. మధ్యాహ్నం వార్డు ఆయాతో ఒక కవరు పంపింది. అందులో పుట్టినప్పటి బరువుల పట్టిక, ఒక చిన్న ఉత్తరం. పట్టికని వెనక అనుబంధంలో చేర్చమని ఉత్తరం మొదట్లోనే ఉంది, అంతవరకే చదివాను. పట్టిక టైపు చేసేశాను. అంకెలు టైపు చెయ్యడానికి బుర్ర అక్కర్లేదు, వేళ్లు చాలు. మిగతా ఉత్తరాన్ని జిగురు డబ్బా కింద పెట్టాను.

రెండుసార్లు ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని నాకూ తెలుసు, ఆ టైముకి ఆయన ఆపరేషన్ గదిలో ఉంటారు. పిన్నిగారికి చెయ్యొచ్చు. గంట ఆగి మళ్లీ చెయ్యొచ్చు. కింద నుంచి బైండింగాయన గొంతు చించుకుంటున్నాడు: "ఏం చెల్లెమ్మా, పేజీలిస్తావా, షట్టర్ దించమంటావా? ఐదింటికి యూనివర్సిటీ వాళ్లు ఆఫీసు మూసేస్తే నన్ననొద్దు!" గది పొయ్యిలా ఉంది. లేచి ఫ్యాను వేసేశాను. ఏడు చీటీలూ టపటపా కొట్టుకున్నాయి.

ఆ ఏడు చోట్లా తెర మీద చుక్కలు. "దీన్నిబట్టి" అని పెడితే ప్రతి వాక్యం చివరా "అనుకోవచ్చు" అని మార్చాలి, ఆ పక్క వాక్యం సర్దాలి. కాబట్టి అని పెడితే ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు, ఎక్కడ పెట్టినా ఇమిడిపోతుంది. ఏడుసార్లు కొట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చూడ్డానికి బలంగా కూడా ఉందనుకున్నాను, ఛీ.

నాలుగున్నరకి నర్సమ్మ యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. జిగురు ఆరని అట్ట మీద చెయ్యి ఆనకుండా లోపల సంతకం చేసి, "అక్కా, నీ రుణం ఉంచుకోను" అంటూ మళ్లీ పరిగెత్తింది. చదవడానికి టైమెక్కడిది? నేనున్నానన్న ధీమా కదా.

పది రోజుల తర్వాత మాస్టారు నల్లకళ్లద్దాలతో మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే అడిగారు.

"నర్సమ్మది ఏమైంది?"

"ఇచ్చేశాం మాస్టారూ, టైముకే."

"ఆ చీటీలు?"

అప్పుడు నిజం చెప్పుంటే ఏమయ్యేది? తిట్టేవారు. చెప్పులేసుకుని వెళ్లి ఆఫీసులో బతిమాలి ఆ పేజీలు మార్పించేవారు. అంతే. నాకు ఆ తిట్లు తినాలనిపించలేదు. నోటికి ఏదొస్తే అది అనేశాను.

"మీరే ఫోన్లో చెప్పారుగా, కాబట్టి పెట్టమని."

"చెప్పానా?"

"చెప్పారు. ఆ రోజే, ఆపరేషన్ అవ్వగానే. మత్తులో ఉన్నట్టున్నారు."

మత్తులో అన్న ముక్క ఎందుకు కలిపానో తెలియదు. అబద్ధానికి కాళ్లు పెట్టాలని కాబోలు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఇంకేమీ అడగలేదు.

మూడు నెలలకి వైవా జరిగింది. మర్నాడు నర్సమ్మ వచ్చింది. అరిచుంటే బాగుండేది. మెల్లగా, డ్యూటీలో రోగి సంగతి చెప్పినట్టు చెప్పింది. చివర్లో ఏడు చోట్ల కాబట్టి అని ఉందట. వెనక అనుబంధంలో, తల్లులకిచ్చిన పిల్లలు మొదటినుంచే బరువైనవాళ్లని పట్టిక ఉందట. ఎగ్జామినర్ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, "మీ పట్టిక మీరే చదవలేదామ్మా?" అన్నాడట. థీసిస్ వెనక్కిచ్చారు. తిరగరాయాలి, ఇంకో ఏడాదిన్నర. నర్సింగ్ స్కూలు ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

"నా ఉత్తరంలో రాశాను మాస్టారూ, వాళ్లు ముందే బరువు ఎక్కువున్నారు, గట్టిగా అనలేం, మీరే చూసి మాట పెట్టండని. మరి మీరు కాబట్టి అని ఎలా..." అని ఆగిపోయింది.

మాస్టారు కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, ఎదురుగా కూర్చున్న విద్యార్థికి చెప్పినట్టే, ఒక్కో మాటా ఆచితూచి అన్నారు.

"ఇలాంటి లెక్క చూసి నేను కాబట్టి పెట్టమని చెప్పను. కానీ చెప్పానని అమ్మాయి అంటోంది. నాకు చెప్పిన గుర్తే లేదు. రెండే దారులు. అమ్మాయి అబద్ధమైనా చెప్పుండాలి, నా బుర్రయినా జారుండాలి. పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, ఇది అబద్ధం చెప్పదు. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది, ముందు ఫోన్లో మాట్లాడినవే మర్చిపోయేవాడు." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కాబట్టి ఇక చాలు."

ఆయన నోట ఆ మాట అంత సులువుగా రావడం నేను వినడం అదే మొదటిసారి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారు కదా, నేను అదీ చెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నర్సమ్మ నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. ఆమె చూడలేదు, మాస్టారి చెయ్యి పట్టుకుని, "ఫర్వాలేదండీ, ఫర్వాలేదు" అంటోంది. పోగొట్టుకున్నది ఆమె, ఓదారుస్తున్నది ఆమే. రేపు చెప్దాం అనుకున్నాను. నెలాఖరుకి గది ఖాళీ చేశారు. చీటీలంటించిన పాత ప్రతులన్నీ రెండు ట్రంకుపెట్టెల్లో వాళ్లింటికి చేరాయి. పెట్టెలు సర్దింది నేనే. నర్సమ్మ ప్రతిని అడుగున పెట్టాను.

ఆ తర్వాత ఆరేళ్లు. ఆరేళ్లంటే ఏమిటో చెప్తాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, ఆయన ఏం చేసినా మతిమరుపు ఖాతాలోకే వెళ్లేది. ఒకసారి కుళాయి కట్టెయ్యడం మర్చిపోయారు. నేను వారానికోసారి మర్చిపోతాను, నన్నెవరూ ఏమీ అనరు. పిన్నిగారు మాత్రం హడలిపోయి, ఆ రోజునుంచి ఇంటి తాళం చెవి దారానికి కట్టి తన మెడలో వేసుకుంది. ఆయన ఒంటరిగా గుమ్మం దాటడం ఆగిపోయింది. బయటికెళ్తే పక్కన ఆవిడ. పాత విద్యార్థి ఎవరైనా వీధిలో ఎదురై పలకరిస్తే, ఆయన నోరు తెరిచేలోపే "ఆయనకి గుర్తుండదు బాబూ" అని ఆవిడే చెప్పేది. పాపం, ప్రేమతోనే. డాక్టరు చూసి వయసుకి తగ్గట్టే ఉన్నారన్నాడు. "డాక్టరు మొహమాటస్తుడు" అన్నారు మాస్టారు. చదవడం మానేశారు. చదివింది నిలవదన్న భయం. తప్పు చెప్తానేమోనని మాట్లాడటమూ తగ్గించేశారు.

నేను ప్రతి నెలా మొదటి ఆదివారం కమలాపళ్లు పట్టుకుని వెళ్లేదాన్ని. "సొంత కూతురైనా ఇలా రాదు" అని పిన్నిగారు ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకునేది. ఆ మాట అన్నప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. నెల ఆలస్యమైతే చెప్పొచ్చు. ఏడాది ఆలస్యమైతే, ఏడాదిపాటు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అలా కొండలా పెరిగింది. కమలాపళ్లు కొంటూనే ఉన్నాను. మూడో ఏడాది ఒక ఆదివారం వెళ్లేసరికి తలుపుకి కొత్త తాళం బిగిస్తున్నారు, పాతది తుప్పు పట్టిందట. మాస్టారు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

మొన్న వేసవిలో వెళ్తే ఆయనే నా కోసం ఎదురుచూస్తున్నారు. బల్ల మీద తెల్లకాగితాలు, పెన్ను పెట్టించారు.

"అమ్మాయ్, మీ పిన్ని ఆసుపత్రిలో నర్సమ్మని చూసిందట. ఇంకా ఆ వార్డులోనే ఉందట. పట్టా తర్వాత వచ్చిందట గానీ ఉద్యోగం మాత్రం అక్కడే. నేను పూర్తిగా మర్చిపోకముందే ఆ పిల్లకి ఒక ఉత్తరం రాయాలి. నేను చెప్తాను, నువ్వు రాయి."

రాయడం మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని చెప్పారు. "నర్సమ్మా, ఆ రోజు ఏడు చోట్ల కాబట్టి అని పెట్టమని చెప్పింది నేనే. అప్పటికే నాకు మతి తప్పడం మొదలైంది. కాబట్టి..."

నా పెన్ను ఆగిపోయింది.

"రాశావా? కాబట్టి, నీకు అన్యాయం జరిగింది. రాయి."

"రాయలేను మాస్టారూ."

"ఏం, చెయ్యి నొప్పా?"

"అక్కడ ఆ మాట రాదు. మీకు మతి తప్పలేదు. మీరు నాకు ఫోన్ చెయ్యలేదు. మీరు తిడతారని నేను అబద్ధం చెప్పాను. ఆ ఏడూ నేనే కొట్టాను." ఏడుస్తూ చెప్పాననుకుంటారేమో. లేదు, ఎవరినో తిడుతున్నట్టు గట్టిగా వచ్చింది గొంతు.

ఆయన కళ్లు తెరిచి నన్ను జాలిగా చూశారు. "నన్ను ఓదార్చాలని చూస్తున్నావు. వద్దమ్మా."

"ఓదార్పు కాదు, నిజం."

"అప్పుడు చెప్పింది అబద్ధమని ఇప్పుడంటున్నావు. ఇప్పుడు చెప్పేది నిజమని ఏం చూసి నమ్మను?"

ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లని అడిగినట్టే అడిగారు. ఆ బుర్ర ఎక్కడికీ పోలేదు. నేను లేచి లోపలి గదిలోకెళ్లి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, అడుగునున్న ప్రతి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. చివరి అధ్యాయం తెరిచాను. జిగురు ఎండిపోయి రెండు చీటీలు ఊడి ఆయన ఒళ్లో పడ్డాయి. వాటిని తిప్పి చూశారు. రెండువైపులా ఖాళీ. మిగతా ఐదూ గోటితో ఎత్తి ఎత్తి చూశారు. ఎక్కడా పెన్సిల్ గీత లేదు, "ఫో" అన్న గుర్తు లేదు.

"చీటీ ఖాళీగా ఉందంటే..." అన్నారు.

"మీరు చెప్పలేదనే మాస్టారూ."

"అయితే ఆ రోజు నా బుర్ర బాగానే ఉంది."

"బాగానే ఉంది."

ఏడు చీటీలనీ వరసగా బల్ల మీద పేర్చారు. "ఆరేళ్లమ్మాయ్" అన్నారు. కోపం లేదు అందులో. కోపం ఉండుంటే నాకు కాస్త ఊపిరాడేది. "ఈ పెట్టె నా మంచం కిందే ఉంది. నేనొక్కసారి తీసి చూసుకోవాల్సింది. గొళ్ళెం పెట్టేముందు బయట ఎవరున్నారో చూసుకోమని లోకమంతటికీ చెప్పాను. నిన్ను మాత్రం చూడలేదు. నువ్వెప్పుడూ లోపలిదానివే అనుకున్నాను."

క్షమించమని అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే విన్నాను గానీ, కాలినవి నా చేతులు కూడా కావు. ఆయన నా ముందున్న కాగితాన్ని నెమ్మదిగా చింపేసి, కొత్తది జరిపారు.

"ఉత్తరం నువ్వు రాయి. నీ పేరుతో. నేను దిద్దను."

అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో పిన్నిగారు నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో. "నేను ఈయన్ని ఒక్కరినీ గుమ్మం దాటనివ్వలేదే" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా. మెడలోని దారం తల మీంచి తీసింది. దగ్గరికొచ్చి తాళం చెవిని ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

మాస్టారు పిడికిలి విప్పి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమోయ్, ఇది మనింటిదేనా?"

పిన్నిగారి మొహం పాలిపోయింది. ఆవిడ చూపు నా మీదికొచ్చింది, అందులో ఆరేళ్ల భయమంతా ఉంది. నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అంతలోనే ఆ మూడో ఏడాది ఆదివారం గుర్తొచ్చింది. తలుపుకి తాళం మార్చిన రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ తర్వాత తలుపు ఎప్పుడూ ఆవిడే తీసింది, ఆవిడే వేసింది. ఆ కొత్త చెవి ఎప్పుడూ ఆవిడ పైట చాటునే ఉంది, ఆయనకి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. చూడనిదాన్ని ఎవరైనా ఎలా గుర్తుపడతారు? ఆ మాట ఆవిడకి చెప్పాను. ఈసారి వెంటనే చెప్పాను.